సిస్టరమ్మ బండికి రెండో బ్యాటరీ

నా భార్య ఇరవై రెండేళ్లు ఉట్నూరు చుట్టూ ఉన్న అడవి ఊళ్లలో నర్సుగా తిరిగింది. జీపు పోయినంత దూరం జీపులో, ఆపైన కాలినడకన. వాగు అడ్డం వస్తే చెప్పులు చేతిలో పట్టుకుని, టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని దాటేది. ఊళ్లలో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. వినీ వినీ నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను, మొదట ఎగతాళికి, తర్వాత అలవాటుకొద్దీ. నేను అక్కడే ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరును. మా ఇద్దరి సొంతూరు మంచిర్యాల. మా రెండు కుటుంబాలూ ఒకే చర్చికి పోయేవి. మాకు పిల్లలు కలగలేదు.

నలభై తొమ్మిదో ఏట ఆమెకు పొడిదగ్గు పట్టుకుంది. ముందు దుమ్మనుకున్నాం. తర్వాత టీబీ అనుకుని పరీక్షలు చేయించాం, కాదన్నారు. ఆర్నెల్లు గడిచేసరికి బావి దగ్గర్నుంచి బిందె తెస్తూ దారిలో రెండుసార్లు ఆగేది. చివరికి కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు స్కాను ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించాడు. ఊపిరితిత్తులు లోపల మచ్చకట్టి గట్టిపడుతున్నాయనీ, ఒకసారి గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదనీ చెప్పాడు. మందులు కొంత ఆలస్యం చేస్తాయి, అంతే. ఆయన చెబుతున్నంతసేపూ ఆమె ఫిల్మునే చూసింది. నేను డాక్టరు ముఖం చూశాను. బయటికి వచ్చాక, "నాకు ముందే అనుమానమున్నది. నీకు జెప్తే నువ్వు తిండి మానేస్తవని జెప్పలే," అంది.

ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. గాలిని పీల్చుకుని అందులోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషను అది, చిన్న బీరువా అంత ఉంటుంది. గోడకు ప్లగ్గు, ప్లగ్గుకు మిషను, మిషనుకు ఏడు మీటర్ల సన్నటి గొట్టం, గొట్టం చివర ఆమె ముక్కు. ఏడు మీటర్లంటే మంచం, వంటగది, బాత్రూము. గొట్టం వాకిట్లోని గడప దాకా వచ్చేది, గడప దాటేది కాదు. సాయంత్రాలు ఆమె గడప లోపల కుర్చీ వేసుకుని కూర్చునేది. దారినపోయే వాళ్లు పలకరిస్తే చెయ్యి ఎత్తేది.

"మేకను గుంజకు కట్టేసినట్టున్నది నన్ను," అంది ఒకరోజు. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

నెలకొకసారి కరీంనగర్ పోవాలి. ఉట్నూరు నుంచి జన్నారం, లక్షెట్టిపేట, గోదావరి మీద రాయపట్నం వంతెన, ధర్మపురి, జగిత్యాల, ఆ తర్వాత కరీంనగర్. ఒకవైపే నాలుగు గంటలకు పైన. కిరాయికి మాట్లాడిన అంబులెన్సులో సిలిండరు పెట్టేవాళ్లు. డ్రైవరు రోడ్డు మీద ఒక కన్ను, సిలిండరు ముల్లు మీద ఒక కన్ను వేసి నడిపేవాడు. దవాఖాన వాకిట్లో దింపి వెళ్లిపోయేవాడు. పరీక్షలకు పొద్దంతా పట్టేది. లాడ్జిలో దిగుదామంటే మెట్లు. మెట్లు లేని చోట కరెంటు నమ్మకం లేదు. రెండోసారి వెళ్లొచ్చాక ఆమె, "ఇగ నేను రాను. ఇంట్లనే ఎట్లయితే గట్లయితది," అంది.

అప్పుడు కొన్నాను బండి. ఎక్కడో ఒక చిన్న దవాఖాన వాళ్లు వాడి వాడి తీసేసిన అంబులెన్సు. లోపలి సామానంతా పీకేసి ఖాళీ డబ్బాలా ఉంది. ఒకవైపు మంచం, కింద పెట్టెలు, కిటికీకి పరదా, ఒక చిన్న ఫ్యాను, ఒక లైటు పెట్టించాను. బయట ఎర్రగీత ఇంకా కనిపిస్తోందని ఆమె ఒప్పుకోలేదు. "గా గీత జూస్తే అందరు నన్ను పీనుగును జూసినట్టు జూస్తరు," అంది. అందుకని బండికి పైన తెల్లగా, కింద తుప్పు పట్టకుండా మందపాటి నల్ల పూతతో మొత్తం మళ్లీ పెయింటు వేయించాను.

అందులో అసలు పని మిషనుకు కరెంటు ఇవ్వడం. బండి బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికే. దాని మీద మిషను నడిపితే ఓ గంటలో అదీ పడుకుంటుంది, బండీ కదలదు. అందుకని వెనక మంచం కింద వేరే పెద్ద బ్యాటరీ పెట్టాలి. ఇంజను నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలూ కలిసి చార్జి కావాలి, ఇంజను ఆపగానే విడిపోవాలి. ఆ కలపడం విడదీయడం చేసేది రిలే. వెనక బ్యాటరీ నుంచి ఇన్వర్టరు, ఇన్వర్టరు నుంచి మిషను. కాగితం మీద బొమ్మ గీస్తే నాలుగు గీతలు. పదో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది.

మంచిర్యాల స్టేషను దారిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. అరవై దాటిన ముస్లిం పెద్దమనిషి. బొగ్గు లారీల వైరింగు చేసీ చేసీ ఆయన వేళ్ల సందుల్లో నలుపు స్థిరపడిపోయింది. నా బొమ్మను కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"బొమ్మ మంచిగున్నది సార్. కని బొమ్మల బండి ఊగది," అన్నాడు.

రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ సిస్టరమ్మ మంచిర్యాలలోనే తన చెల్లెలి ఇంట్లో ఉంది. ముందు బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు, వెనక బ్యాటరీ దగ్గర ఇంకొకటి వేశాడు మిస్త్రీ. మధ్యలో వేలంత లావు కేబులు. కేబులును ఇనుప అంచులు కోయకుండా రబ్బరు గొట్టంలోంచి లాగాడు. సన్న వైరు వేస్తే కాలిపోతుందని ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పేవాడట, ఎవ్వరూ వినరట. పని చేస్తూనే మధ్యమధ్య సిస్టరమ్మ గురించి అడిగేవాడు: "చెల్లెకు ఎన్ని గంటలు గావాలె మిషను? ఇంజను బంద్ జేసినంక ఎంతసేపు?" రెండు గంటలని చెబితే తల ఊపి, "గంటన్నర అనుకో. ఎప్పుడైన తక్కువనే అనుకోవాలె," అన్నాడు.

రెండో రోజు శుక్రవారం. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది, వెనక బ్యాటరీ నెగటివ్ వైరు బండి ఇనుముకు బిగించడం తప్ప. నమాజుకు టైమైంది.

"ఎర్తు ఒక్కటి ఆపు సార్. నేనొచ్చి జేస్త," అన్నాడు చేతులు కడుక్కుంటూ.

"నేను జేస్త భాయ్. బడిల పిల్లలకు చెప్పేది గిదే గదా."

"అయితే పెయింటంత గీకు. తెల్లగ ఇనుము కనవడాలె. గప్పుడే బోల్టు బిగియ్యి."

ఆయన వెళ్లాక బండి కిందికి దూరాను. నేను వేయించిన నల్ల పూత తారులా గట్టిగా ఉంది. చేతిలో ఉన్న గీకుడు కాగితం అరిగిపోయింది. రెండుసార్లు గీకితే పొడి కళ్లలో రాలింది. మే నెల, నేల కాలుతోంది. ఒక పక్క గోరంత మేర తెలుపు కనిపించింది. చాలనుకున్నాను. వాషరు పెట్టి, బోల్టు బిగించి, మీటరు పెట్టి చూశాను. పన్నెండున్నర వోల్టులు చక్కగా చూపించింది. లోడు లేనప్పుడు మీటరు చూపించే అంకె నమ్మకూడదని, చిన్న సందులోంచి కొద్ది కరెంటు పోతుంది గాని ఎక్కువ కరెంటు పోవాలంటే అక్కడ వేడి పుడుతుందని నేను ఏటా పాఠం చెబుతాను. ఆ పాఠం ఆ రోజు నాకు గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. గుర్తొచ్చినా బయటికి వచ్చేశాను.

మిస్త్రీ తిరిగొచ్చి, "గీకినవా సార్?" అని అడిగాడు.

"గీకిన," అన్నాను.

సిస్టరమ్మను కాసేపు సిలిండరు మీద ఉంచి, మిషను తెచ్చి అరగంట నడిపి చూశాం. బాగానే నడిచింది.

మొదటి రెండు ప్రయాణాలు నా జీవితంలో నేను గర్వపడిన రోజులు. ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకుని కిటికీ పరదా పక్కకు తోసి కూర్చుంది. జన్నారం అడవిలో టేకు ఆకులు దుమ్ముపట్టి వేలాడుతుంటే, "గీ ఊరికి నేను నడిచిన, గా ఊరికి నడిచిన," అంటూ మట్టి బాటలు చూపించింది. రాయపట్నం వంతెన మీద, "జర మెల్లగ పోనియ్యి," అంది. గోదావరిలో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ. అయినా మెడ తిప్పి వంతెన అయ్యేదాకా చూసింది. కరీంనగర్‌లో దవాఖాన ఆవరణలో బండి నిలిపి, టోకెన్ నంబరు వచ్చేదాకా ఆమె బండిలోనే పడుకుంది. ఫ్యాను తిరుగుతోంది, మిషను నడుస్తోంది. వాచ్‌మన్ తొంగి చూసి, "ఇల్లే తెచ్చుకున్నరు గద సార్," అన్నాడు. నేను అతనికి మంచం ఎత్తి రెండో బ్యాటరీ, రిలే, ఫ్యూజులు అన్నీ చూపించాను. అతనికి అవి చూడాలని ఏమీ లేదు. నేనే చూపించాను.

మూడో ప్రయాణం జూలైలో. వానలకు రోడ్డు గుంతలు పడింది. ఉట్నూరు దాటి గంట అయిందో లేదో, వెనక ఇన్వర్టరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు మీద మిషను అరుపు. ఆ తర్వాత రెండూ ఆగిపోయాయి. అంతవరకు ఆ మోతలో మాట్లాడుకోవడం అలవాటైన బండిలో ఒక్కసారిగా ఇంజను చప్పుడు పెద్దగా వినిపించింది.

బండి పక్కకు తీసి వెనక్కి పరుగెత్తాను. మంచం కింద కమురు వాసన. కిందికి వంగి ఎర్తు బోల్టు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. వేలు కాలి బొబ్బెక్కింది. గుంతల కుదుపుకు మిగిలిన ఆ కాస్త ఆధారమూ వదులై, నల్లపూత కాలి, ఇనుముకీ వాషరుకీ మధ్య బూడిద పొర ఏర్పడి, వెనక బ్యాటరీకి చార్జి అందకుండా పోయింది.

ఇలాంటి సమయానికని చిన్న సిలిండరు ఒకటి పెట్టుకున్నాం. అది మంచం కిందే ఉంది. దాన్ని తెరిచే తాళం మాత్రం ఉట్నూరులో, వంటింటి గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. ముందు రోజు సిలిండరు సరిచూసి, తాళం అక్కడ తగిలించింది నేనే.

సిస్టరమ్మ ముందుకు వంగి, రెండు చేతులూ మంచం అంచు మీద ఆనించి ఊపిరి లాగుతోంది. పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. ఆమె అరవలేదు. కుడిచేతి వేళ్లను ఎడమ మణికట్టు మీద పెట్టుకుని, గడియారం చూస్తూ తన నాడి తనే లెక్కపెట్టుకుంటోంది. నేను కటింగ్ ప్లయరుతో సిలిండరు మెడ తిప్పుతుంటే అది జారుతోంది. ప్లయరు జారిన ప్రతిసారీ ఆమె నా వైపు చూసి మళ్లీ గడియారం వైపు చూసింది.

ఎదురుగా ఒక జీపు వచ్చింది, సంతకు పోయే జనంతో నిండా. నేను రోడ్డు మధ్యలో నిలబడ్డాను. డ్రైవరు తిట్టబోయి నా ముఖం చూసి దిగాడు.

"ఏమైంది సార్?"

"సిలిండరు తెరుసుకుంటలేదు. తాళం ఇంట్లనే మరిచిన. పానా ఉన్నదా, చిన్నది?"

అతను సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన పానాలు తెచ్చాడు. మొదటిది పట్టలేదు, రెండోది పట్టలేదు. జీపులోంచి ఒక ముసలమ్మ దిగి, ఎవరినీ అడక్కుండా మా బండిలోకి ఎక్కి, సిస్టరమ్మ వెనక కూర్చుని ఆమె వీపును తన ఛాతీకి ఆనించుకుంది. కొంగుతో విసురుతూ గోండిలో ఏదో చెబుతూనే ఉంది. నాలుగో పానాకు సిలిండరు తెరుచుకుంది. గొట్టంలోకి గాలి వచ్చిన చప్పుడు విని డ్రైవరు, "వచ్చింది, వచ్చింది, తియ్యమ్మా ఊపిరి," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు. అతనెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముసలమ్మకు చేతులెత్తి మొక్కానో లేదో కూడా గుర్తు లేదు.

జన్నారం దవాఖానలో మధ్యాహ్నం దాకా ఉంచి, తర్వాత మంచిర్యాలకు పంపించారు. మూడో రోజుకు ఆమె మాట్లాడింది. మొదటి మాట, "పదకొండు నిమిషాలు," అని.

ఆమెను వార్డు నుంచి పంపించిన రోజున చెల్లెలి ఇంటికి పోతూ దారిలో మిస్త్రీ దగ్గర ఆగాం. ఆమె బండిలోనే ఉంది, ముక్కుకు కొత్త సిలిండరు. మిస్త్రీ కింద పడుకుని బోల్టు విప్పి బయటికి వచ్చాడు. అరచేతిలో వాషరు. దాని చుట్టూ ఇంకా అంటుకుని ఉన్న నల్లపూత నాకు కనిపించింది. ఆయన నా ముఖం చూశాడు. తర్వాత పిడికిలి మూసేశాడు.

"రోడ్డు ఖరాబు చెల్లె. గుంతలకు బోల్టు వదులైంది," అన్నాడు ఆమెతో.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు ఎప్పుడూ దొరకలేదు, అప్పుడూ వాడుకోలేదు.

తర్వాత పని మొత్తం మిస్త్రీయే చేశాడు. బండి ఇనుమును నమ్మకుండా నెగటివ్ కోసం కూడా ఇంకో లావు కేబులు వేసి నేరుగా ముందు బ్యాటరీ దాకా తీసుకుపోయాడు. రెండో బ్యాటరీ ఎంత ఉందో కనిపించేలా స్టీరింగు పక్కన మీటరు పెట్టాడు. సాయంత్రం ఆయన నన్ను దుకాణం లోపలికి పిలిచి, తలుపు పక్కన నిలబడి, నెమ్మదిగా అన్నాడు:

"సార్, నా పనిల తప్పు జేస్తే బండి ఆగుతది. రోడ్డు మీద డ్రైవరు పరేషాన్ అయితడు, నన్ను నాలుగు తిడ్తడు. గంతే. గిది గట్ల గాదు. నీకు చదువున్నదని నేను వొదిలిపెట్టి పోయిన. తప్పు నాది గూడ."

"నీది గాదు భాయ్," అన్నాను.

ఆ పదకొండు నిమిషాల తర్వాత ఆమె ఇంతకు ముందు ఉన్నట్టు లేదు. మిషను మీద ముల్లు రెండు నుంచి నాలుగుకు పెంచాల్సి వచ్చింది. జబ్బు ఎటూ అటే పోతోందని డాక్టరు అన్నాడు. కావచ్చు. బయలుదేరే ప్రతిసారీ ఆమె మంచం మీద కూర్చుని నా చేత అన్నీ పైకి చదివించేది. బోల్టులు. ఫ్యూజులు. మీటరు. సిలిండరు. తాళం. తాళాన్ని నూలుదారంతో తన చేతికే కట్టుకుంది.

సెప్టెంబరులో ఒకరోజు కరీంనగర్ దవాఖాన ఆవరణలో, వేపచెట్టు నీడలో బండి నిలిపాం. టోకెన్ రావడానికి ఇంకా చాలా టైముంది. ఆమె తాగిన టీ గ్లాసు నా చేతికి ఇస్తూ అంది:

"ఒకటి అడుగుత. నిజం జెప్తవా?"

"అడుగు."

"గా ఎర్తు కాడ నువ్వు పెయింటు గీకలే గదా?"

"మిస్త్రీ జెప్పిండా?" అన్నాను.

"ఆయన జెప్పలే. బోల్టు వదులైతే పిడికిలి మూసుకునుడెందుకు? నేను ఇరవై రెండేండ్లు మందిల తిరిగిన. ఎవరు ఏం దాస్తున్నరో నాకెర్కనే."

"జర గీకిన. మొత్తం గీకలే."

"మరి నాకెందుకు జెప్పలే?"

భయమేసింది అని ఒక్కమాట అంటే సరిపోయేది. నేను టీ గ్లాసు తొలుస్తూ ఉండిపోయాను. ఆమె ఊపిరి కూడదీసుకుంటూ, మధ్యమధ్య ఆగుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక సంగతి చెప్పింది.

నౌకరీలో చేరిన కొత్తలో, ఒక దూరపు ఊరికి టీకాలు తీసుకుపోయింది. వాగు పొంగి దారి తిరిగి పోవాల్సొచ్చింది. ఊరు చేరేసరికి డబ్బాలో ఐసు మొత్తం కరిగి నీళ్లు వెచ్చబడ్డాయి. అలాంటి టీకా పనిచేయదు. తల్లులు పిల్లలను ఎత్తుకుని వరుసలో కూర్చుని ఉన్నారు. మళ్లీ వెనక్కి నడవడానికి కాళ్లు రాలేదు.

"అందరికి ఏసిన. రిజిస్టర్ల రాసిన. మళ్ల నెల మంచివి తెచ్చి ఏస్తననుకున్న. మళ్ల నెల నన్ను ఇంకో దిక్కు ఏసిన్రు. గా ఎండకాలం గా ఊళ్లె తట్టు పోసింది. ఒక పొల్ల పాణం పోయింది."

"గది నీ టీకా వల్లనే అని..."

"దాని వల్లనే అని ఎవ్వరు జెప్పలేరు. కాదని గూడ జెప్పలేరు. నేను ఇప్పటిదాంక ఎవ్వరికి జెప్పలే. మా అవ్వకు జెప్పలే, పాస్టరుకు జెప్పలే. నీకు జెప్తున్న."

తర్వాత టోకెన్ పిలిచారు. చక్రాల కుర్చీ తెచ్చి, గొట్టం సిలిండరుకు మార్చి, ఆమెను లోపలికి తీసుకుపోయాను. ఆమె నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కాని ఆ రోజు ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆమె ముందు సీటులో నా పక్కన కూర్చుంటానంది. గొట్టం ముందు దాకా అందింది. జగిత్యాల దాటేదాకా కూర్చుంది, తర్వాత చాతకాక వెనక్కి పోయింది.

నవంబరులో డాక్టరు నన్ను ఒక్కణ్నే లోపలికి పిలిచాడు. ఇక ప్రయాణాలు పెట్టుకోవద్దని, ఇంట్లోనే ఆమెకు ఏది ఇష్టమైతే అది చేయమని అన్నాడు. బండి దగ్గరికి వచ్చేసరికి ఆమె నా ముఖం చూసి, "ఫిల్ము నేను జూసిన. నువ్వేం జెప్పకు. పోనియ్యి," అంది.

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ తేలిగ్గా ఉంది. మీటరు పదమూడున్నర చూపిస్తోంది. వెనక మిషను ఒకే తీరుగా, ఎక్కడా తడబడకుండా నడుస్తోంది. నేను ఆ చప్పుడును వింటూ నడిపాను. చెబితే సిగ్గుగా ఉంటుంది, ఆ రోజు డాక్టరు చెప్పింది విన్నాక కూడా, ఆ మీటరు చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా అనిపించింది. జగిత్యాల దగ్గర, "నీళ్లు తాగుతవా?" అని అడిగాను. "వద్దు," అంది. ధర్మపురి దగ్గర మళ్లీ అడిగాను. జవాబు రాలేదు. పడుకుందనుకున్నాను. గుడికి వచ్చిన జనం రోడ్డు దాటుతుంటే హారను కొట్టకుండా, ఆమె లేవకూడదని, చాలాసేపు ఆగాను కూడా.

రాయపట్నం వంతెన మీద అలవాటు కొద్దీ మెల్లగా పోనిచ్చాను. వానాకాలం నీళ్లు ఇంకా నిండుగా ఉన్నాయి. "జూస్తున్నవా?" అన్నాను. వంతెన అయిపోయింది. అవతల ఒడ్డున బండి పక్కకు తీసి దిగాను.

ఆమె తల కిటికీ వైపే ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద, తాళం కట్టిన దారం పక్కన, ఆమె నేర్పించినట్టే మూడు వేళ్లు పెట్టి చూశాను. గడియారం చూస్తూ ఒక నిమిషం. మళ్లీ ఒక నిమిషం. ముక్కు దగ్గర గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది, నా చేతి వెనక చల్లగా తగులుతోంది. అన్నీ పనిచేస్తున్నాయి. ఏ బోల్టూ వదులు కాలేదు. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ధర్మపురి ముందా, తర్వాతా. ఆ మిషను చప్పుడు లేకపోతే, ఆమె ఊపిరి ఆగిన సంగతి నాకు వినిపించి ఉండేదేమో.

మిషను ఆపలేకపోయాను. గొట్టం ముక్కుకు అలాగే ఉంచి, దుప్పటి ఛాతీ దాకా కప్పి, లక్షెట్టిపేట మీదుగా మంచిర్యాలకు నడిపాను. గంట పట్టింది. ఆమె చెల్లెలు వాకిట్లోకి వచ్చి, బండి వెనక తలుపు తీసి, కాసేపు అక్క ముఖం చూసింది. వేళ్లతో ఆ కళ్లు మూసింది. తర్వాత మిషను స్విచ్చి మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది.

"బావా, బంద్ జెయ్యనా?"

"ఇంకో జరసేపు ఉండనియ్యి," అన్నాను.

ఆమె చెయ్యి తీసి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇరుగుపొరుగు చేరేదాకా అలాగే ఉన్నాం. తర్వాత ఎవరు ఆపారో చూడలేదు.

మరునాడు చర్చి శ్మశానంలో ఆమెను మట్టి చేశాం. ఉట్నూరు వైపు నుంచి మూడు జీపుల జనం వచ్చారు. మట్టి వేసి వచ్చాక భోజనాల దగ్గర ఒకరి తర్వాత ఒకరు నాతో అదే మాట అన్నారు. పెండ్లాం కోసం బండినే దవాఖాన చేసినవు, ఎవరు జేస్తరు గిట్ల. పాస్టరు కూడా ప్రార్థనలో ఆ బండి సంగతి ఎత్తాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను.

జనం పోయాక ఆమె చెల్లెలు వెనకింట్లో గిన్నెలు సర్దుతుంటే వెళ్లి చెప్పాను. పెయింటు సంగతి, గీకానని చెప్పిన అబద్ధం, తాళం మేకుకు మరిచిపోవడం, పదకొండు నిమిషాలు, అన్నీ. ఆమె గిన్నె చేతిలో పట్టుకునే విన్నది.

"అక్కకు ఎర్కనా?"

"ఎర్కనే. తనే కనిపెట్టింది."

"కనిపెట్టి గూడ గా బండ్లనే ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఇంకో బండి ఉన్నదా దానికి ఎక్కెటందుకు?" అంది. గిన్నె కింద పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తలుపు బయట చాలాసేపు నిలబడ్డాను. తీయలేదు. బండి తీసుకుని ఉట్నూరు వచ్చేశాను. క్రిస్మస్‌కు ఆమె ఇంటి నుంచి పిలుపు రాలేదు. ఈస్టరుకు చర్చి దగ్గర కనబడితే, "తింటున్నవా బావా?" అని అడిగింది, జవాబు వినకుండానే ఆడవాళ్ల వైపు వెళ్లింది. అక్క టీకాల సంగతి ఆమెకు చెప్పలేదు. ఆ ఊరి పేరు ఇక్కడ కూడా రాయలేదు.